కొత్తగా బే ఏరియాకి వచ్చాం, బాబుకి ఆటిజం. సెల్ఫ్ డిటర్మినేషన్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

శాన్ హోసే నుంచి:
నమస్తే అండీ. ఆగస్టులో హైదరాబాద్ నుంచి వచ్చాం, మా వారు హెచ్1బీ, నేను హెచ్4. బాబుకి 9 ఏళ్ళు, ఆటిజం, మాటలు చాలా తక్కువ. సికింద్రాబాద్ ఎన్ఐఈపీఐడీలో (మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పెట్టిన జాతీయ సంస్థ) చేయించిన రిపోర్టులు ఉన్నాయి. స్కూల్లో ఒకావిడ రీజనల్ సెంటర్‌లో చేర్పించమంది, ఇంకొకరేమో సెల్ఫ్ డిటర్మినేషన్ తీసుకోండి డబ్బు మీ చేతికే ఇస్తారు అన్నారు. వీసా మీద ఉండి ఇవన్నీ అడిగితే రేపు గ్రీన్ కార్డుకి ఇబ్బందేమో అని మా వారి భయం. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడం లేదు.

ఫ్రీమాంట్ నుంచి:
ముందు మీ వారి భయం సంగతి. రీజనల్ సెంటర్ అంటే ఆటిజం లాంటివి ఉన్నవాళ్ళకి రాష్ట్రం డబ్బుతో సేవలు ఏర్పాటు చేసే సంస్థ. అందులో చేరడానికి వీసా ఏంటని చూడరండీ, కాలిఫోర్నియాలో ఉంటే చాలు. 1969 నుంచి లాంటర్మన్ చట్టం ఉంది, ఆటిజం లాంటిది 18 లోపు మొదలై రోజువారీ బతుక్కి బాగా అడ్డం పడుతుంటే ఈ సేవలు మన పిల్లల హక్కు. జీతం ఎక్కువని కాదనరు. మెడికాల్ (తక్కువ ఆదాయం వాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) మాత్రం వేరే సంగతి, దానికి అప్లై చేసేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి అడగండి.

రాష్ట్రంలో ఇలాంటి సెంటర్లు 21. శాన్ హోసే అంటే మీకు శాన్ ఆండ్రియాస్ రీజనల్ సెంటర్, మాకు ఈస్ట్ బే. ఫోన్ చేసి ఇన్‌టేక్ (కొత్తగా చేర్చుకునేముందు చేసే పరిశీలన) కావాలి అనండి. వాళ్ళ సైకాలజిస్టు మళ్ళీ చూస్తారు, అయినా ఇండియా రిపోర్టులన్నీ పట్టుకెళ్ళండి.

ఇక సెల్ఫ్ డిటర్మినేషన్ అంటే, సేవలు సెంటర్ ఏర్పాటు చేసే బదులు మనమే ఎంచుకునే పద్ధతి. డబ్బు చేతికిస్తారు అన్నది నిజం కాదు. బాబు పేరు మీద ఏడాదికి ఒక బడ్జెట్ కడతారు, దాన్ని ఎవరి మీద ఎలా ఖర్చు పెట్టాలో స్పెండింగ్ ప్లాన్ మనం రాస్తాం, చెల్లింపులు మాత్రం ఎఫ్ఎంఎస్ అనే సంస్థ చేస్తుంది. మనిషిని పెట్టుకుంటే జీతం చెక్కు, టాక్సులు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ వాళ్ళ పనే. ఇంటి అద్దెకీ తిండికీ వాడకూడదు. స్కూలు ఇవ్వాల్సింది స్కూలే ఇవ్వాలి, ఇన్సూరెన్స్ ఇచ్చేది ఇన్సూరెన్సే, మిగిలినదానికే ఈ బడ్జెట్.

ఇక నేను చేసిన తప్పు చెప్తా, మీరు చేయొద్దు. సెంటరే అన్నీ ఏర్పాటు చేసే మామూలు పద్ధతిలో ముందునుంచీ ఉన్నవాళ్ళకి బడ్జెట్ గడిచిన 12 నెలల్లో సెంటర్ ఎంత ఖర్చు పెట్టిందో దాన్ని బట్టి మొదలవుతుంది. కొత్తగా చేరినవాళ్ళకి అలాంటి లెక్కేదీ ఉండదు కాబట్టి ఐపీపీ (పిల్లాడికి ఏ సేవలు కావాలో సెంటర్‌వాళ్ళతో కూర్చుని రాసే ప్లాన్) మీటింగులో రాసిన అవసరాలే ఆధారం. మా బాబు మొదటి ఐపీపీలో నేను వాళ్ళేది అడిగినా "పర్లేదండీ, మేం చూసుకుంటాం" అన్నా. రాత్రి ఎన్నిసార్లు లేస్తాడు అంటే నవ్వేసి ఊరుకున్నా. మనకి పరాయివాళ్ళ ముందు పిల్లాడి కష్టం చెప్పుకోవడం ఏదోలా ఉంటుంది కదా. వాళ్ళు అదే రాసుకున్నారు, తల్లిదండ్రులు చూసుకుంటారు అని, ఆ రాతని మార్పించడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. అందుకని రెండు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, ఎన్నిసార్లు లేచాడు, ఎవరు స్నానం చేయించారు, ఎన్నిసార్లు గేటు దాటి పరిగెత్తాడు, అన్నీ తేదీ వేసి రాసి ఆ మీటింగులో చదవండి. సిగ్గు పడకండి.

మరి ఇంత తిప్పలు దేనికంటే, మావాడికి వచ్చిన పదిపదిహేను మాటలూ తెలుగే. రెస్పైట్‌కి, అంటే మనకి కాస్త విశ్రాంతి దొరికేలా పిల్లాడిని చూసుకోడానికి, ఒక ఏజెన్సీ నెలకో మనిషిని పంపేది. ఒకరోజు వాడు నీళ్ళు నీళ్ళు అని అడిగి అడిగి, వచ్చినావిడకి అర్థం కాక, చెయ్యి కొరుక్కుని రక్తం తెచ్చుకున్నాడు. సెల్ఫ్ డిటర్మినేషన్‌లోకి మారాక మా వీధిలోనే ఉండే ఒక నెల్లూరు ఆవిడని పెట్టుకున్నాం. వాడితో బార్ట్ రైలు ఎక్కుతుంది, లైబ్రరీకి తీసుకెళ్తుంది, శనివారం లివర్‌మోర్ గుడికి. ఇప్పుడు ఆవిడ వచ్చే టైముకి వాడే షూస్ తెచ్చుకుని గుమ్మం దగ్గర కూర్చుంటాడు.

ప్లెజంటన్ నుంచి:
పైన చెప్పినదంతా నిజమే కానీ ఒక మాట, తొందరపడి దూకకండి. మా పాప ఇంకా మామూలు పద్ధతిలోనే ఉంది, మాకు అదే బాగుంది. సెల్ఫ్ డిటర్మినేషన్‌లో మనుషుల్ని వెతకడం, గంటలు సరిచూడటం అన్నీ మనమీదే, ఇద్దరం ఉద్యోగాలు చేస్తూ నా వల్ల కాదనిపించింది. చేరి బయటికొస్తే మళ్ళీ చేరడానికి 12 నెలలు ఆగాలి. ఈత, క్యాంపుల లాంటివాటికి సెంటర్లు డబ్బివ్వడం 2009లో ఆపేశారు, 2021లో మళ్ళీ తెచ్చారు కాబట్టి వాటికోసమే అయితే మారక్కర్లేదు, మామూలు పద్ధతిలోనే అడగొచ్చు. ఏదైనా కాదంటే నోటీస్ ఆఫ్ యాక్షన్, అంటే ఎందుకు కాదన్నారో రాసిన నోటీసు, కాగితం మీద ఇమ్మనండి. నోటితో కాదంటే ఒప్పుకోకండి, ఆ కాగితం ఉంటే అప్పీల్‌కి సులువు.

శాన్ హోసే నుంచి:
అక్కా, చదువుతుంటే ఏడుపొచ్చింది. నేనూ అందరితో పర్లేదు పర్లేదు అనే అంటున్నా. ఒక్క డౌటు, జనవరిలో మా అత్తయ్య ఆరు నెలలకి వస్తున్నారు, బాబుకి ఆవిడ దగ్గర బాగా చనువు. ఆవిడకి జీతం ఇప్పించొచ్చా?

ఫ్రీమాంట్ నుంచి:
వద్దండీ, అస్సలు వద్దు. విజిటర్ వీసా మీద జీతం తీసుకోకూడదు. మీరు హెచ్4 కదా, ఈఏడీ (పని చేయడానికి అనుమతి కార్డు) లేకపోతే మీరు కూడా వేరేవాళ్ళ పిల్లల దగ్గర ఈ పని చేయకూడదు. పని చేసే హక్కు ఉన్న మనిషినే వెతకాలి. అత్తయ్యగారిని నాన్నమ్మగానే ఉండనివ్వండి, బాబు రోజు ఎలా గడుస్తుందో ఆవిడ చెప్పేది మాత్రం నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. సోమవారం పొద్దున్నే ఫోన్ చేయండి, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని మొదటి మాటలోనే అడగండి, మీకు ఇంగ్లీషు వచ్చినా సరే. బాబు గురించి అమ్మ భాషలో చెప్తే ఒక్క ముక్క కూడా మింగేయకుండా చెప్పగలుగుతారు.