భారతంలో ఏడ్చిన అమ్మ ఎదురింట్లో ఎందుకు ఏడవలేదు?

మాది పుత్తూరు వైపు పల్లె. ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరుగుతోంది. పగలు హరికథ, రాత్రి నాటకం. వస్త్రాపహరణం రోజు మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ద్రౌపది వేషం కట్టింది పొద్దున మా వీధిలో గడ్డం గీయించుకుంటూ కూర్చున్న మనిషేనని ఆమెకూ తెలుసు. అదే వారం ఎదురింటి అక్క మొగుడు పోయాడు. అమ్మ కంట్లో చుక్క నీళ్లు లేవు. గమ్మున వెళ్లి వాళ్ల ఆవుకు పాలు పితికి, పిల్లలకు సంగటి కెలికి పెట్టి వచ్చింది. ఇందులో సానుభూతి ఏది?

తిరుపతి మాస్టారు:
నాట్యశాస్త్రం లెక్కన శోకం స్థాయిభావం, అంటే మనసులో నిలిచి ఉండే భావం. నాటకం చూసేవాళ్లకు అది అనుభూతిగా మారితే దాని రసం కరుణ. నాటకంలో ఆ శోకం ఫలానా మనిషిది కాకుండా చూసే అందరిదీ అవుతుందని రసం గురించి రాసిన పాతకాలపు పండితుడు భట్టనాయకుడు అన్నాడు. సాధారణీకరణం అంటే అదే. అందుకే అక్కడ హాయిగా ఏడవగలం. ఎదురింటి శోకానికి సొంతదారు ఉంది, ఆమె ముందు మన ఏడుపుకి మొహమాటం.

గ్రూప్స్ అభ్యర్థి, చిత్తూరు:
ఎకనామిక్స్‌లో చదివే ఆడమ్ స్మిత్ 1759లోనే దీని మీద పుస్తకం రాశాడు. ఎదుటివాడి బాధ నేరుగా మనకు అందదు, అతని పరిస్థితిలో మనల్ని ఊహించుకుంటామంతే అంటాడు. ఏమీ తెలియని చనిపోయినవాళ్ల మీద కూడా జాలిపడేది అందుకేనట. మీ అమ్మ ఊహలోకి ముందు వచ్చింది పాలకు అరుస్తున్న దూడ అయి ఉంటుంది. ఆవును పితకని ఇంట్లో పుట్టినవాళ్లకు అది తోచదు. ఎథిక్స్ పేపర్‌కి మంచి ఉదాహరణ, రాసుకుంటున్నా అన్నా!

ప్రశ్న వేసినవాడు:
అమ్మనే అడిగా. "ద్రౌపదికి నేను చేసేదేముంది, ఏడవడం తప్ప" అంది.

పేరు వద్దు:
మాట బాగుంది గానీ నేను సగమే ఒప్పుకుంటా తమ్ముడూ. మా ఆయన పోయినప్పుడు చాలామంది పనులు చేసిపెట్టారు. క్యారియర్లు వచ్చాయి, ఆఫీసు కాగితాలు ఎవరో నింపారు. ఎవరు ఏం తెచ్చారో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. మా ఆడబిడ్డ మాత్రం ఒక్క గిన్నె కడగలేదు. రాత్రి నా పక్కన చాప వేసుకుని, నాకంటే పెద్దగా ఏడ్చింది. ఆమెను ఓదార్చాల్సి వచ్చి నేను లేచి కూర్చున్నా. కర్మ అయ్యాక అందరూ వెళ్లిపోతారు, ఆ రాత్రులే కష్టం. మీ అమ్మను అప్పుడొకసారి ఆ అక్క దగ్గర పడుకోమనండి. పనేం చేయొద్దని చెప్పండి.