రోజ్‌వెల్‌లో పడింది ఏమిటి? ప్రభుత్వం ఇన్నిసార్లు మాట ఎందుకు మార్చింది?

సత్యం_నల్గొండ:
1947 జూలై 8న న్యూమెక్సికోలోని రోజ్‌వెల్ సైనిక స్థావరం వాళ్ళే "ఎగిరే పళ్ళెం దొరికింది" అని ప్రకటన ఇచ్చారు. కొన్ని గంటల్లోనే ఫోర్ట్‌వర్త్‌లో జనరల్ రేమీ వాతావరణ బెలూన్ అన్నాడు. 1994లో వైమానిక దళం, అది మొగల్ అనే రహస్య ప్రాజెక్టు బెలూన్ల గుత్తి అంది. 1997లో ఇంకో నివేదిక, అక్కడ ఏలియన్ల శవాలు చూశామన్నవాళ్ళు చూసింది పారాచూట్ పరీక్షల మనిషి బొమ్మలనట. ఆ బొమ్మల్ని పడేసింది 1950లలో! 1947లో అవి ఎలా కనపడతాయి? ఎవరైనా జవాబు చెప్పండి.

రమణమూర్తి_బెలూన్:
సత్యం గారూ, నేను 28 ఏళ్ళు వాతావరణ బెలూన్లు వదిలిన మనిషిని. ఎండలో కొన్నాళ్ళు పడి ఉన్న బెలూన్ రబ్బరు నల్లబడి, పెళుసుబారి, ముట్టుకుంటే ముక్కలైపోతుంది. ఆ శకలాలు చూసిన పశువుల కాపరి మాక్ బ్రేజెల్ అప్పటి స్థానిక పత్రికకి చెప్పిందేమిటి? రబ్బరు ముక్కలు, తగరపు కాగితం, పుల్లలు, పూల బొమ్మలున్న టేపు. మొత్తం బరువు ఓ 5 పౌండ్లు, అంటే రెండున్నర కేజీలు కూడా లేదు. దాంట్లో అంతరిక్ష నౌక ఎక్కడుంది? సోవియట్ అణు పరీక్షల శబ్దాన్ని పై గాలిలో మైకులతో పట్టుకోవాలని న్యూయార్క్ యూనివర్సిటీ వాళ్ళు ఆ వేసవిలోనే న్యూమెక్సికోలోనే ఉన్న అలమొగోర్డో నుంచి బెలూన్లు వదులుతున్నారు. మొగల్ అంటే అదే.

సత్యం_నల్గొండ:
బొమ్మల సంగతి చెప్పలేదు.

కల్పన_డాలస్:
మేం ఉండేది ఫోర్ట్‌వర్త్ పక్కనే. పోయినేడు పిల్లలతో రోజ్‌వెల్ వెళ్ళాం, ఊరంతా ఏలియన్ బొమ్మలే. ఏం పడిందో గానీ ఊరికి మాత్రం బతుకుతెరువు దొరికింది.

రమణమూర్తి_బెలూన్:
ఏళ్ళ తర్వాత గుర్తుచేసుకున్నవాళ్ళు వేర్వేరు సంవత్సరాల సంగతులు కలిపేసుకున్నారని వైమానిక దళం వివరణ. 1947 పత్రికల్లో శవాల మాటే లేదు. మన దగ్గరా చూశాం కదా, 2022 డిసెంబర్‌లో హైదరాబాద్ నుంచి పంపిన బెలూన్‌కి కట్టిన గది వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో దిగితే జనం గుంపులుగా వచ్చి ఏలియన్ల బండి అన్నారు. అది స్పెయిన్ కంపెనీ వాళ్ళ పరీక్ష.

సత్యం_నల్గొండ:
మా నాన్న మూడెకరాల పాత పహాణీ కోసం ఆఫీసు చుట్టూ ఆరేళ్ళు తిరిగాను. ముందు వెతుకుతున్నాం అన్నారు, తర్వాత చెదలు పట్టాయన్నారు, ఆఖరికి ఆ సర్వే నంబరే లేదన్నారు. మూడు మాటలు చెప్పినవాడు నిజం చెప్పినట్టు నేనెప్పుడూ చూడలేదు. రోజ్‌వెల్‌లోనూ అంతే. షిఫ్ అనే అమెరికా పార్లమెంటు సభ్యుడు అడిగితే అక్కడి ప్రభుత్వ లెక్కలు చూసే సంస్థ జీఏవో తనిఖీ చేసి, ఆ స్థావరం 1946 అక్టోబర్ నుంచి 1949 డిసెంబర్ దాకా బయటికి పంపిన సందేశాలు నాశనమయ్యాయని 1995లో తేల్చింది. ఎవరు చేశారో కాగితం లేదు. మీరు సర్కారు జీతం తిన్నారు కాబట్టి వెనకేసుకొస్తున్నారు.

రమణమూర్తి_బెలూన్:
మాట జాగ్రత్త! జీతం తిన్నాను, అబద్ధం చెప్పలేదు. బెలూన్ పడిన పొలం రైతుతో తిట్లు తిన్నది కూడా నేనే. మీ భూమి ఫైలుకీ, బ్రేజెల్ ఏరిన పుల్లలకీ సంబంధం ఏమిటి?

వేణు_కాకినాడ:
ఇద్దరూ కాస్త తగ్గండి. సత్యం అన్నా, ఒక్కటి చెప్పు, నువ్వు ఏలియన్లని నమ్ముతున్నావా?

సత్యం_నల్గొండ:
లేదు. బెలూనే అయి ఉంటుంది. కానీ శకలాలు తెచ్చిన మేజర్ జెస్సీ మార్సెల్‌ని వాటి పక్కన కూర్చోబెట్టి ఫోటోలు తీసి, బెలూన్ కూడా గుర్తుపట్టలేని అధికారిగా లోకానికి చూపించారు. 1978లో ఆయన నోరు విప్పాకే కదా ఇదంతా మళ్ళీ లేచింది. సోవియట్ వాళ్ళు 1949 ఆగస్టులో బాంబు పేల్చారు, అప్పటిదాకా దాచారంటే ఒప్పుకుంటాను. కానీ పడింది మొగల్ అని చెప్పడానికి 1994 దాకా, అదీ ఒకరు నిలదీసేదాకా ఎందుకు ఆగాలి? మర్పల్లిలో వెంటనే చెప్పారు, గొడవ అక్కడితో ఆగిపోయింది.

రమణమూర్తి_బెలూన్:
మీరు అడుగుతున్నది ఇదైతే మొదటే చెప్పాల్సింది. రేమీకి మొగల్ గురించి తెలుసనడానికి ఆధారం చూపిస్తే అబద్ధమంటాను. తెలియకుండా చెప్తే అది పొరపాటు. బొమ్మల వివరణ మాత్రం నాకూ మింగుడుపడలేదు.

సత్యం_నల్గొండ:
ఆయనకు తెలియకపోతే తెలిసినవాళ్ళు 47 ఏళ్ళు ఎందుకు సరిదిద్దలేదు? నా ప్రశ్న అక్కడే ఉంది రమణమూర్తి గారూ. జీతం మాట అన్నందుకు మాత్రం మన్నించండి.