మగ్గం ఇంట్ల రోలై 35: దూరం అంచనా సరిపోతదా, రేంజ్‌ఫైండర్ కావాల్నా?

కొత్తరీలు:
నారాయణపేటల చీరలు నేసేటోళ్లను తియ్యాల్నని ఉన్నది. కెమెరా రోలై 35, 40 మి.మీ. టెస్సార్ లెన్సు. కిటికీ వెలుగుకు 400 ఫిల్ము మీద లెన్సు రంధ్రం ఎఫ్ 3.5, షట్టరు 1/30 సెకను వస్తున్నది. దీంట్ల ఫోకస్ కంటికి కనిపించదు, దూరం లెక్కగట్టి రింగు తిప్పాలె. సరిపోతదా, దూరం కొలిచి చూపే రేంజ్‌ఫైండర్ ఉన్న కెమెరా కొనాల్నా?

పాలమూరు36:
కొనకు తమ్మి. దూరం అంచనా వేసుడు కాదు, ఖాయం చేసుకునుడు. రింగు 1.5 మీటర్లకు పెట్టి రీలు అయ్యేదాక ముట్టకు, నువ్వే ముందుకు వెనక్కి జరుగు. దారానికి 1.5 కాడ ముడేసి నాలుగు రోజులు గోడ ముంగట నిలబడి చూస్తే కాళ్లకు అలవాటైతది. ఎఫ్ 3.5 మీద 1.37 నుంచి 1.66 దాక పదును వస్తది. దారం లేకుంటే బార ఉన్నది: చేతులు చాపితే ఆరడుగులు, 1.8 మీటర్లు.

నీడస్తంభం:
ఎవరి బార? మనిషి ఎత్తు ఎంతో బార దాదాపు అంతే. అయిదడుగుల నాలుగంగుళాల మనిషికి 1.63 మీటర్లే. అందరికీ 1.8 అని రాయకండి.

గుంటమగ్గం:
పాలమూరన్నా, గుంట మగ్గం ఎన్నడన్న చూసినవా? నేసే మనిషి కాళ్లు గుంటల ఉంటయి, మొఖం నేలకు 60 సెం.మీ. ఎత్తుల ఉంటది. నిలబడ్డోని కెమెరా 1.5 మీటర్ల ఎత్తుల. నేల మీద నీ దారం 1.5 చూపిస్తది, కానీ కెమెరా నుంచి మొఖానికి ఏటవాలు దూరం 1.75. నువ్వు చెప్పిన 1.66 దాటింది. మొఖానికి ముంగట ఉన్నది పదును, మొఖం మసక. దానికి తోడు పన్నె (పోగును ఒత్తే దువ్వెన) కొట్టినప్పుడల్లా ఒళ్లు ముందుకు వంగుతది.

పాలమూరు36:
అయితే కూసో! కెమెరా మొఖం ఎత్తుకు దిగితే ఏటవాలు యాడిది? పన్నె కొట్టేటప్పుడు కాదు, నాడె (అడ్డపోగు మోసేది) విసిరి చెయ్యి ఆగినప్పుడు నొక్కాలె. 1/30కి చెయ్యి కూడ అప్పుడే నిలుస్తది.
నీడస్తంభం సార్, రింగు 1.8 పెడితే 1.61 నుంచి 2.04 దాక వస్తది. మీ 1.63 అందుల్నే ఉన్నది.

ఛాయాసోముడు:
పానగల్లు గుడి బయట ఎండల 1/500, ఎఫ్ 16, రింగు మూడున్నరకు పెట్టి వదిలెయ్. 1.7 మీటర్ల నుంచి కొండల దాక అన్నీ వస్తయి.

గుంటమగ్గం:
అడిగింది మగ్గం లోపల.

రీలుమెకానిక్:
ముందు రింగు నిజం చెప్తున్నదా చూసుకోండి. పాత కెమెరా ఎవరో విప్పి, ముందు అద్దం వేరే మరకు బిగిస్తే అంకెలన్నీ అబద్ధమే. వెనక మూత తీసి, ఫిల్ము నడిచే లోపలి పట్టాల మీద మసక టేపు బిగుతుగా అంటించండి, గరుకు వైపు లెన్సుకు. రీలు లీవరు లాగి, షట్టరు బి (నొక్కినంతసేపు తెరిచుండేది) మీద పెట్టి, కేబుల్ రిలీజుతో (బటనుకు తగిలించే తీగ) నొక్కి తాళం వెయ్యండి. ఎఫ్ 3.5, రింగు అనంతం. రెండు వందల మీటర్ల అవతలి నీళ్ల ట్యాంకును టేపు మీద భూతద్దంతో, పదునుగా ఉందా చూడండి. ఆ తర్వాత కొలత టేపుతో 1.5 కొలిచి వార్తాపత్రిక మీద అదే పరీక్ష. కొలత లెన్సు మూతి నుంచి కాదు, ఫిల్ము ఉండే వెనక వైపు నుంచి. ఆ అయిదారు సెంటీమీటర్లు ఇక్కడ చిన్నవి కావు.

కొత్తరీలు:
పైన తగిలించే విడి రేంజ్‌ఫైండర్ కొంటే?

రీలుమెకానిక్:
రోలైకి అలాంటివి తగిలించే షూ అడుగున ఉంది. తలకిందులుగా వేలాడుతుంది. చేతిలో పట్టుకొని చదివి, ఆ అంకె రింగుకు ఎక్కించుకోవాలి. లేజర్ టేపు వాడితే మగ్గం చట్రం మీద కొట్టండి, మనిషి కళ్ల మీద పడనివ్వద్దు.

నీడస్తంభం:
1.61 నుంచి అన్నారు, 1.63 ఉంది. అంటే అంచు మీద. అంచు మీద ఉన్నది పదునెలా అవుతుంది?

పాలమూరు36:
రెండు సెంటీమీటర్లకు ఇంత పంచాదా? పోయిన నెల నా ఫోటో కింద "మెత్తగుంది" అని రాసింది గీ గుంటమగ్గమే. అప్పటి నుంచి నేనేమన్నా తప్పే.

గుంటమగ్గం:
మెత్తగుండె, రాసిన. ఇయ్యాల కూడ రాస్త. నీ అంకెలన్నీ, ఫోకస్ తప్పిన చుక్క ఫిల్ము మీద 0.03 మి.మీ. మచ్చ అయినా పదునే అని ఒప్పుకున్న లెక్క. 12×18 అంగుళాల ప్రింటుకు నెగటివ్ పన్నెండు రెట్లకు పైనే పెరుగుతది, ఆ మచ్చ 0.38 అయితది. చేతిల పట్టుకొని చూస్తే 0.25 దాటినకాడ కంటికి దొరుకుతది. 0.02 పెట్టి మళ్ల లెక్క చెయ్యి: 1.5 మీద 1.41 నుంచి 1.60 దాకనే. 1.8 పెడితే 1.67 నుంచి మొదలు. సార్ చెప్పిన 1.63 బయటికే పోయింది.

పాలమూరు36:
గది చెప్పు మొదాలు! నీ లెక్క గోడకు తగిలిచ్చే ప్రింటుకు. నేను చేసేది 4×6, నేసినోళ్ల చేతిలనే పెట్టి వస్త. దాని మీద 0.03 పెరిగి పెరిగి 0.13. మొఖం గుర్తు పట్టనోడు ఒక్కడు లేడు.

గుంటమగ్గం:
గుర్తు పట్టుడు వేరు, రెప్ప వెంట్రుకలు కనపడుడు వేరు.

కొత్తరీలు:
నేనెంత ప్రింటు తీస్తనో ఎవ్వరూ అడగలే. 5×7.

రీలుమెకానిక్:
0.16. టేపు పరీక్ష చేసి, కూర్చుని తియ్యండి.

నీడస్తంభం:
ముందు మీ బార కొలుచుకోండి.

గుంటమగ్గం:
5×7 అయితే నడుస్తది, రేంజ్‌ఫైండర్ వద్దు. కానీ దాంట్లకెళ్లి ఒకటి గోడకు పెద్దగ కావాలె అన్ననాడు నన్ను అడగకు.