పోక్సో కేసుల్లో నేరం ఒప్పుకున్నవాడికి శిక్ష తగ్గించాలా?

కృష్ణ ఒడ్డు:
మా బంధువుల్లో ఒక పాప కేసు రెండేళ్లు నడిచింది. పాపకి అప్పటికి పదకొండేళ్లు. ఆ మనిషి అందరికీ తెలిసినవాడే. పెద్దమనుషుల ముందు తప్పు చేశానని ఏడ్చాడు. కోర్టులో చార్జ్ చదివి అడిగేసరికి "నాకేం తెలియదు" అన్నాడు. వాళ్ల లాయర్ లెక్క ఒకటే. పన్నెండేళ్లలోపు పిల్ల, పిల్లలపై లైంగిక నేరాలకి ఉన్న పోక్సో చట్టం ఆరో సెక్షన్, 2019 సవరణ తర్వాత కనీస శిక్ష 20 ఏళ్లు. ఒప్పుకున్నా అంతే, ఒప్పుకోకపోయినా అంతే. ఇక ఎందుకు ఒప్పుకుంటాడు?
చివరికి పాపే సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. ముందురోజు రాత్రి అన్నం ముట్టలేదు. రెండుసార్లు వాయిదా పడింది. రెండుసార్లూ ఆ రాత్రి మళ్లీ వచ్చింది. మొదట్లోనే ఒప్పుకుంటే కొంత శిక్ష తగ్గుతుందని చట్టంలో ఉంటే ఈ పిల్లకి అదంతా తప్పేదేమో. మీరేమంటారు?

బర్మింగ్‌హామ్ నుంచి:
ఇంగ్లండ్‌లో ఆ పద్ధతి ఉందండీ. మొదటి దశలోనే ఒప్పుకుంటే మూడో వంతు తగ్గుతుంది. ఆ తర్వాతైతే నాలుగో వంతు. విచారణ మొదలయ్యే రోజు ఒప్పుకుంటే పదో వంతే. 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాలు ఇవి. పిల్లలపై లైంగిక నేరాలకూ ఇవే వర్తిస్తాయి. సాక్షులకి, బాధితులకి కోర్టు మెట్లెక్కే బాధ తప్పుతుందనేది అక్కడ చెప్పే ముఖ్య కారణాల్లో ఒకటి.
కానీ 2006లో కార్డిఫ్‌లో ఏమైందో కూడా చెప్పాలి. మూడేళ్ల పాపని ఎత్తుకెళ్లినవాడు నేరం ఒప్పుకున్నాడు. యావజ్జీవమే వేశారు. అయితే పెరోల్ అడగడానికి ముందు గడపాల్సిన కాలం లెక్క ఇలా సాగింది: 18 ఏళ్లు, ఒప్పుకున్నందుకు మూడో వంతు పోగా 12, అప్పటి నియమం ప్రకారం అందులో సగం 6, రిమాండ్ రోజులు తీసేస్తే 5 ఏళ్ల 108 రోజులు. దేశం భగ్గుమంది. హోం మంత్రి జాన్ రీడ్ కూడా బాహాటంగా తప్పుబట్టారు. అప్పీలుకి పంపాలా అని చూసిన అటార్నీ జనరల్ (ప్రభుత్వ ప్రధాన న్యాయవాది) చివరికి పంపలేదు, ఎందుకంటే జడ్జి అప్పటి నియమాల ప్రకారమే నడుచుకున్నారు. ఐదేళ్లు అన్న మాట విన్న తల్లిదండ్రులకి యావజ్జీవం అన్న మాట చెవికెక్కుతుందా?

టీచరమ్మ:
నేను ఒప్పుకోను. ఫోన్‌లో వీడియో దొరికాక ఒప్పుకోవడం పశ్చాత్తాపమా? తప్పించుకునే దారి లేక ఒప్పుకున్నాడు, అంతే. దానికి బహుమతి ఎందుకు? ఇంగ్లండ్ నియమాల్లో సాక్ష్యం ఎంత బలంగా ఉన్నా ఆ తగ్గింపు దక్కుతుందట. అది నాకు మరీ అన్యాయంగా ఉంది. పిల్లలకి మేం బడిలో "చెప్పండి, భయపడకండి" అని నేర్పిస్తున్నాం. చెప్పిన పిల్లకి ఫలితం డిస్కౌంటా?

జిల్లా కోర్టు లాయర్:
ఇక్కడి చట్టం సంగతి కాస్త చెబుతాను. 2006లో మన దగ్గర ప్లీ బార్గెయినింగ్, అంటే నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే పద్ధతి, వచ్చింది. కానీ ఏడేళ్లు దాటిన శిక్షలున్న నేరాలకీ, మహిళలపై, పిల్లలపై జరిగిన నేరాలకీ అది లేదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలోనూ లేదు. నిందితుడు తనంతట తాను ఒప్పుకుంటే శిక్ష వేసే అధికారం జడ్జికి ఉంది, అయితే కనీస శిక్ష కంటే తగ్గించలేరు.
ఇంకో భయం ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. చదువురాని కూలివాడికి లీగల్ ఎయిడ్ లాయర్ దొరికి, "ఒప్పుకో, త్వరగా అయిపోతుంది" అంటే, 20 ఏళ్లంటే ఏమిటో అర్థం కాకుండానే తలూపుతాడు. అందుకే పెద్ద నేరాల్లో చాలామంది జడ్జిలు ఒప్పుకోలు వెంటనే తీసుకోరు, విచారణ జరిపిస్తారు. తక్కువ శిక్ష ఆశ చూపి ఒప్పించి, తర్వాత అప్పీలులో పెంచడం జీవించే హక్కుకి విరుద్ధమని 1980ల మొదట్లోనే తిప్పేస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

కృష్ణ ఒడ్డు:
టీచరమ్మ గారూ, మీ కోపం నాకూ ఉంది. కానీ నేను అడుగుతున్నది వాడి పశ్చాత్తాపం గురించి కాదు. అది నాకు అక్కర్లేదు. పాపకి ఏం మిగిలింది అన్నదే నా లెక్క. తీర్పు రోజు ఆ పిల్ల వాళ్లమ్మని ఒకటే అడిగింది: "నేను చెప్పింది నిజమేనని అతను ఒప్పుకున్నాడా?" ఎన్నేళ్లు పడ్డాయని అడగలేదు.
కనీస శిక్ష ముట్టుకోకుండా పైనున్న ఏళ్లలో తగ్గించవచ్చు కదా అని మొదట అనుకున్నాను.

జిల్లా కోర్టు లాయర్:
నేను చూసిన కేసుల్లో ఎక్కువగా పడేది కనీస శిక్షే తమ్ముడూ. పైన తగ్గించడానికి మిగిలేదేమీ ఉండదు. తగ్గించాలంటే పార్లమెంటు ఆ 20నే కదపాలి.

టీచరమ్మ:
సరే, ఒకటి ఆలోచించండి. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర గణాంకాల సంస్థ) లెక్కల్లో ఏటా చూస్తున్నదే, తొంభై శాతం పైగా కేసుల్లో నిందితుడు పిల్లకి తెలిసినవాడే. బాబాయో, పక్కింటివాడో. తగ్గింపు అనేది ఒకటి వచ్చిందంటే చుట్టాలందరూ తల్లి చుట్టూ చేరతారు. "ఒప్పుకుంటానంటున్నాడుగా, నువ్వూ కాస్త తగ్గు" అంటారు. ఇప్పటికే రాజీల కోసం ఎంత ఒత్తిడి ఉందో చూస్తున్నాం. ఆ బేరంలో పిల్ల మాట ఎక్కడ ఉంటుంది?

కృష్ణ ఒడ్డు:
ఈ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. బేరం అన్నది ఉండనే కూడదు. కుటుంబానికి, పీపీకి (ప్రభుత్వం తరఫు లాయర్‌కి) అందులో చెయ్యి ఉండకూడదు. ఎంత తగ్గుతుందో చట్టంలోనే రాసి ఉండాలి, చార్జ్ చదివిన రోజే ఒప్పుకోవాలి, అర్థమై ఒప్పుకుంటున్నాడో లేదో జడ్జి స్వయంగా అడిగి చూడాలి. 20కి 16 అంటే నేను సరే అంటాను, ఈ మాట బరువుగానే అంటున్నాను. ఆ రోజు దాటాక ఒప్పుకుంటే ఒక్క రోజు కూడా తగ్గకూడదు. పాప సాక్ష్యం చెప్పేశాక వాడి ఒప్పుకోలు వాడికే పనికొస్తుంది.

టీచరమ్మ:
16కి నేను ఇప్పటికీ ఒప్పుకోలేను. కానీ ఆ పిల్ల అడిగిన ప్రశ్న పొద్దుటినుంచి నన్ను వదలడం లేదు. పాప ఇప్పుడు బడికి వెళ్తోందా?

కృష్ణ ఒడ్డు:
వెళ్తోందండీ. బడి మారింది. ఎనిమిదో తరగతి.