డార్ట్‌మూర్ రాళ్ళగుట్టలు: ఖాళీ రాతిపెట్టెలను సమాధులని ఎలా నిర్ధారిస్తారు?

ప్రశ్న:
నైరుతి ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్‌లో, డ్రిజిల్‌కూంబ్ దగ్గర, చెట్టూ చేమా లేని బయలులో ‘జెయింట్స్ బేసిన్’ అనే కంచుయుగపు రాళ్ళగుట్ట ఉంది. సుమారు 22 మీటర్ల వెడల్పున్న ఆ గుట్ట నడిమి భాగం గిన్నెలా లోతుగా ఉంటుంది. దాన్ని మొదటే అలా పేర్చారా? డార్ట్‌మూర్‌లో చిన్న గుట్టల నడుమ కనిపించే రాతిపెట్టెలు కూడా చాలావరకు ఖాళీయే. ఎముక ముక్కైనా మిగలనప్పుడు అవి సమాధులని ఏ ఆధారంతో చెబుతున్నారో తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం:
ఆ గుంట కట్టినవారి పని కాదండీ. లోపల నిధి ఉంటుందన్న ఆశతో తర్వాతి తరాలవారు నడిమికి తవ్వి రాళ్ళను పక్కకు తోసేయడం వల్ల ఏర్పడింది. డార్ట్‌మూర్‌లో ఇలా చెడిపోని గుట్టలు అరుదు. ఇక ఎముకల మాటకొస్తే, అక్కడి గ్రానైట్ నేలకు ఆమ్లగుణం ఎక్కువ కాబట్టి, కాల్చని ఎముక అందులో క్రమంగా కరిగిపోతుంది. అయినా నాలుగు పలకలను నిలిపి, పైన మూతబండ వేసిన ఆ పెట్టెలు వందకు పైగా బయటపడ్డాయి, వాటిలో అత్యధికం వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పొడవుగా అమర్చి ఉన్నాయి. పొలంలో ఏరి పోసిన రాళ్ళకుప్పలో ఇంతటి నియమం ఉండదు. పైగా కొన్నింటిలో కుండలు, చెకుముకి బాణపు మొనలు, కాలిన ఎముకలు దొరికాయి.

రెండో సమాధానం:
పై వివరణకు తోడుగా డార్ట్‌మూర్‌లోనే ఉన్న వైట్‌హార్స్ హిల్ అనే కొండ సంగతి తప్పక చెప్పాలి. అక్కడి రాతిపెట్టె రాళ్ళ కింద కాక, తడిలో కుళ్ళకుండా పొరలు పొరలుగా పేరుకున్న మొక్కల అవశేషాల నేలలో, అంటే పీట్‌లో ఉండిపోయింది. గాలి చొరబడని ఆ తడే దాన్ని కాపాడింది. 2011లో తెరిచినప్పుడు, దహనం చేసిన ఒక యువవ్యక్తి ఎముకలు ఎలుగుబంటి తోలులో చుట్టి కనిపించాయి. పక్కనే నారతో అల్లిన బుట్ట, కొయ్యతో చేసిన చెవి బిళ్ళలు, ఆంబర్ పూసలతో సహా సుమారు రెండు వందల పూసలు ఉన్నాయి. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్నది చేతికి కట్టుకునే పట్టీ: పశువుల వెంట్రుకలను సన్నగా జడలా అల్లి, నడుమ చిన్న చిన్న తగరపు గుబ్బలు పొదిగారు. దాదాపు మూడువేల ఏడువందల ఏళ్ళ నాటి పనితనమది! ఖాళీ పెట్టెలన్నింటిలోనూ ఇవే ఉండేవని అనలేం. కానీ వాటి నుంచి ఎంత పోయి ఉంటుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

మూడో సమాధానం:
తెలంగాణలో రాకాసిగుళ్ళు అని పిలిచే రాతివలయాలలోనూ రాళ్ళకుప్ప కింద ఇలాంటి పలకల పెట్టెలే ఉంటాయి. అయితే అవి ప్రధానంగా ఇనుపయుగానివి, డార్ట్‌మూర్ సమాధులకంటే కొన్ని శతాబ్దాలు తర్వాతివి. రెండింటికీ సంబంధం కలపకూడదు. డార్ట్‌మూర్ వెళ్ళేవారికి ఒక విన్నపం: గుట్ట మీద రాయి తీయవద్దు, కొత్త రాయి పేర్చనూ వద్దు. వాటిలో చాలావాటికి 1979 నాటి బ్రిటన్ పురావస్తు చట్టం రక్షణ ఉంది. ఒక్క రాయి కదిలినా, అసలు అమరిక ఏదో రేపు పరిశీలించేవారికి తెలియకుండా పోతుంది.