సమస్య: బ్యాటు లేని వాడె బాగ నాడె

నిర్వాహకుడు: నిన్న మా కాలనీ జట్టు మ్యాచ్ ఆడింది. అవతలివాళ్లు 15 ఓవర్లలో 126 కొడితే మనవాళ్లు 31కే చాప చుట్టేశారు. తొమ్మిదోవాడు ఒక ప్యాడు కట్టుకుని రెండోది వెతుక్కుంటుంటే ఎనిమిదోవాడు ఎదురొచ్చాడు. స్కోరు పుస్తకం తిరగేస్తుంటే ఈ పాదం నోటికొచ్చింది. ఇదే నాలుగో పాదంగా పద్యం పూరించండి, కానివ్వండి.

గోల్కొండ గూగ్లీ:
వైడు లెనిమి దుండె బైలైదు తోడుండె
పదునొకండు మంది పదును లేదు
ఎవరు కాచిరయ్య యెక్స్‌ట్రాలె గద జూడ
బ్యాటు లేని వాడె బాగ నాడె

తెలుగు మాష్టారు: వై, బై యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ పడే జోడక్షరం) చూసి కాఫీ గ్లాసు పక్కన పెట్టాను. పదునొకండు పక్కనే పదును పడటం కూడా బాగుంది. కానీ ఎక్స్‌ట్రా అంటే బ్యాటుతో కొట్టకుండా వచ్చిన పరుగు కదా, ‘వాడు’ ఎలా అయ్యాడు?

గోల్కొండ గూగ్లీ: పదకొండు పేర్ల కింద పన్నెండోవాడిలా కూర్చుంటాడు కదండీ. నిన్న వాడివే 13. మిగతా అందరివీ కలిపితే 18.

లెక్కల బాబాయి: ఈ పూరణ అచ్చంగా జరిగింది. 1924లో ఇంగ్లండ్‌తో ఎడ్జ్‌బాస్టన్ టెస్టులో దక్షిణాఫ్రికా 30కి ఆలౌటైతే అందులో 11 ఎక్స్‌ట్రాలే. కెప్టెన్ టేలర్ 7 కొట్టాడు, బ్యాటు పట్టినవాళ్లలో అదే ఎక్కువ. ఆస్ట్రేలియాతో మన అడిలైడ్ టెస్టుకి మాత్రం ఈ పద్యం పనికిరాదు. 2020 డిసెంబరు 19న 36 చేశాం కదా, ఎక్స్‌ట్రా ఒక్కటీ లేదు. ఎక్కువ కొట్టింది మయాంక్ 9, ఆ తర్వాత మన విహారి 8. బ్యాటు లేనివాడు కూడా ఆదుకోలేదు!

తెలుగు మాష్టారు: సమస్యలోనే ‘బాగ’ అని ఉంది, ‘బాగుగ’ అనాలి. సరే, నా వంతు.
మైకు పట్టుకొన్న మామయ్య నోటిలో
సున్న సెంచరీగ సొగసు లీనె
ఆట చూడ రోత మాటలా జాతర
బ్యాటు లేని వాడె బాగ నాడె

గోల్కొండ గూగ్లీ: ఆడె అంటే పలికె! సున్న సెంచరీ అయింది, దండాలు మాష్టారూ.

కాకినాడ కాజా: దండాలు తర్వాత. ‘ఆడె’ని ‘పలికె’గా తిప్పడం మాష్టారి పాత చిట్కా, నాకు తెలిసి ఇది మూడోసారి. పైగా మూడో పాదంలో ‘మాటలా’ అని గుట్టు తామే విప్పేశారు. ఇక నాలుగో పాదానికి ఏం మిగిలింది? నాది చూడండి.
తీను మారు మ్రోగ తెల్లారు దాకను
ఓడినోళ్లు కూడ గంతులేయ
సున్న చుట్టి వచ్చి చొక్కాను విప్పేసి
బ్యాటు లేని వాడె బాగ నాడె

తెలుగు మాష్టారు: తీనుమారూ, మారుమ్రోగడమూ ఒక్కచోట ఇమిడాయి, ఒప్పుకుంటాను. రెండో పాదంలో ‘ఓ’కీ ‘గం’కీ యతి ఏ ఊళ్లో చెల్లుతుందో కాజాగారే సెలవివ్వాలి.

కాకినాడ కాజా: తొందరలో టైపు చేశాను. ‘ఓడినోళ్లు కూడ నురుక సాగ’ అని చదువుకోండి.

తెలుగు మాష్టారు: నిరుడు కంద పద్యంలో ‘చెఱువు’కీ ‘తరువు’కీ ప్రాస కుదిర్చిందీ తొందరేనా? బండి ఱ ఒకవైపు, మామూలు ర ఒకవైపు. ఎద్దొకటీ దున్నపోతొకటీ కట్టిన బండిలా నడిచింది ఆ పద్యం.

కాకినాడ కాజా: ఆ రెంటికీ ప్రాస ఒప్పుకున్నవాళ్లున్నారు. అయినా నిరుటి పద్యం ఇంకా కంఠస్థం ఉందంటే మీకు నచ్చినట్టే లెక్క.

లెక్కల బాబాయి: మీ ఇద్దరి భాగస్వామ్యం నిన్నటి జట్టు మొత్తం స్కోరు దాటేలా ఉంది.

గోల్కొండ గూగ్లీ: చొక్కా సంగతి కల్పనా, చూసిందా?

కాకినాడ కాజా: కల్పన ఒక్క అక్షరం లేదు. వీడియో ఉంది. మన నిర్వాహకుల వారు రెండో బంతికే బౌల్డయి వచ్చి…

నిర్వాహకుడు: పద్యంలో పేరు లేదు కాబట్టి ఊరుకుంటున్నాను. వీడియో ఇక్కడ పెట్టకండి, మా ఆవిడ కూడా చదువుతోంది.