‘ఒడంబడికపై సంతకం చేసింది’: ఈ వాక్యం సరైనదేనా?

(మాట్లాడేవాళ్లను వాళ్ల ఊరి పేర్లతోనే చూపాం.)

ప్రశ్న (ఒంగోలు): ప్రపంచ బాలల దినోత్సవానికి, అంటే నవంబరు 20న బడిలో పెట్టే గోడపత్రికకు పిల్లలు ఒక వాక్యం రాశారు. “బాలల హక్కుల ఒడంబడికపై భారతదేశం 1992లో సంతకం చేసి, అప్పటినుంచి ఐక్యరాజ్యసమితికి ఉమ్మడి నివేదికలు సమర్పిస్తోంది.” ఇందులో మార్చాల్సినవి ఉంటే చెప్పగలరా?

కావలి: వ్యాకరణానికి ఢోకా లేదు మేడమ్, విషయమే రెండు చోట్ల పక్కకు పోయింది. ఆ ఒడంబడికపై మన దేశం సంతకం చేయనే లేదు. 1992 డిసెంబరు 11న నేరుగా చేరింది. సంతకమంటే సుముఖంగా ఉన్నామని చెప్పడం వరకే, దానితో నివేదిక బాధ్యత మీద పడదు. తర్వాత ఒప్పుకోలు పత్రం దాఖలు చేస్తే ధ్రువీకరణ. సంతకం మెట్టు ఎక్కకుండా ఒకేసారి కట్టుబడితే చేరిక. మహిళలపై వివక్షను రూపుమాపేందుకు ఐరాస తెచ్చిన మహిళల ఒడంబడికకు మాత్రం రెండు మెట్లూ ఎక్కాం: 1980 జులై 30న సంతకం, 1993 జులై 9న ధ్రువీకరణ. అమెరికా రెండింటి మీదా సంతకం పెట్టి దేన్నీ ధ్రువీకరించలేదు. కాబట్టి ‘సంతకం’ రాస్తే ఆ దేశమూ మనమూ ఒకే గాటన పడతాం.

నెల్లూరు: ధ్రువీకరణ అంటే మనోళ్లకు ఎమ్మార్వో ఆఫీసులో ఇచ్చే కులం, ఆదాయం కాగితాలే గుర్తొస్తాయి మాస్టారూ. పిల్లల గోడపత్రికలో ఎట్టా అర్థమవుతుంది?

కావలి: నిజమే. ఇక్కడ ఆ మాటతో పనే లేదు. ‘1992లో చేరింది’ అంటే చాలు, తేలిక, సరైనది కూడా. ఇక ‘ఉమ్మడి’. ఆ మాట చదివితే నాలుగు దేశాలు కలిసి రాశాయనుకుంటారు. అసలు సంగతి, గడువు దాటిన రెండు విడతలను కలిపి ఒకే నివేదికగా ఇవ్వడం. బాలల హక్కులపై 2014లో జెనీవాలో చర్చకొచ్చింది మన 3, 4 విడతల నివేదిక. ‘రెండు విడతలు కలిపి’ అని రాయండి.

పొదిలి: ఇంకో చిక్కు ‘రిజర్వేషన్’. మహిళల ఒడంబడిక 29వ అధికరణం మొదటి పేరాపై భారత్ రిజర్వేషన్ పెట్టిందంటే కోటా అనుకుంటారు. దేశాల మధ్య తగవును మధ్యవర్తిత్వానికి, దాని ఏర్పాటుపై ఒప్పందం కుదరకపోతే అంతర్జాతీయ న్యాయస్థానానికి పంపే నిబంధన అది. మాకు వర్తించదని మినహాయించుకున్నాం. కాబట్టి మినహాయింపు. బాలల ఒడంబడిక 32వ అధికరణంపై చేసింది వేరు: పనిలో చేరే కనీస వయసును అన్ని పనులకూ వెంటనే నిర్ణయించలేమని, క్రమంగా చేస్తామని చెప్పాం. దాన్ని ‘ప్రకటన’ అనాలి.

ఒంగోలు: నివేదిక నడిచే తీరు కూడా నాలుగు ముక్కల్లో చెబితే పక్కనే పెట్టిస్తాం.

కావలి: నాలుగు ముక్కల్లో ఇమడదు గానీ చూడండి. మహిళల ఒడంబడికకు మొదటి నివేదిక ఏడాదిలోపు, ఆపైన నాలుగేళ్లకొకటి. పిల్లలదానికి మొదటిది రెండేళ్లలోపు, ఆపైన ఐదేళ్లకొకటి. మన దేశంలో కూర్చేది కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ. మొదటి నివేదికకు 31,800 పదాలు, విడత నివేదికకు 21,200 పదాలు మించకూడదు. సంప్రదాయ పద్ధతిలో నివేదిక అందాక, ఒడంబడిక అమలును పరిశీలించే ఐరాస నిపుణుల కమిటీ ప్రశ్నల జాబితా పంపుతుంది, దేశం రాతపూర్వకంగా జవాబిస్తుంది, ఆపైన జెనీవాలో ముఖాముఖి. పత్రికలు దీన్ని ‘విచారణ’ అంటాయి, తప్పు. బోనూ లేదు, శిక్షా లేదు, అది చర్చ. మహిళల కమిటీలో 23 మంది, పిల్లల కమిటీలో 18 మంది నిపుణులు. చివర వచ్చేవి తుది పరిశీలనలు. ‘ఐరాస ఆదేశించింది’ అని రాయకండి, అవి సిఫారసులే.

అసలు దెబ్బతినేది గడువుల దగ్గర. 1995లో ఇవ్వాల్సిన మన మొదటి బాలల నివేదిక 1997లో వెళ్లింది, 2000లో చర్చకొచ్చింది. అంతలో అంకెలు పాతబడతాయి. రెండో లోపం, చట్టాలూ పథకాల పేర్లతో పేజీలు నింపడం. కమిటీ అడిగేది ఫలితం. ఆడ, మగ, వయసు, కులం, ఊరు, పట్నం అని విడదీయని లెక్క దానికి పనికిరాదు. రాష్ట్ర సగటులో తీరంలోని మత్స్యకార పాలెం బడి మానిన పిల్లలు కనబడరు. గత సిఫారసుల్లో ఏది చేశారు, ఏది ఆగింది, ఎందుకు అన్నది వరసగా చెప్పకపోవడం మూడోది.

నెల్లూరు: మన దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమాన్ని మహిళల ఒడంబడిక ఫలితమని రాయొచ్చా?

కావలి: రాయకూడదు. ఆ ఆడవాళ్లు కదిలింది 1992లో, దేశం ధ్రువీకరించింది 1993 జులైలో. వాళ్ల ఘనతను జెనీవాకు కట్టబెట్టడం అన్యాయం.

పొదిలి: ప్రభుత్వ నివేదికకు తోడు స్వచ్ఛంద సంస్థలు కమిటీకి విడిగా ఇచ్చేదాన్ని ‘నీడ నివేదిక’ అంటున్నారు. మాట బాగుంది గానీ దొంగచాటు పని అన్న ధ్వని ఉంది. నాకైతే ‘ప్రత్యామ్నాయ నివేదిక’ నయం. ఏదన్నా అందులో ఒక్కో విషయం ఏ అధికరణం కిందికి వస్తుందో, ప్రభుత్వ నివేదిక ఏం వదిలేసిందో, ఏ ప్రశ్న అడగాలో ఉండాలి. ప్రశ్నల జాబితా తయారుకాకముందే అందితే విలువ ఎక్కువ.

ఒంగోలు: ఇవన్నీ తెలుగులో దొరకవెందుకు?

కావలి: ఐరాస అధికార భాషలు ఆరే. తెలుగు అందులో లేదు. అయితే బాలల ఒడంబడిక 44వ అధికరణం 6వ పేరా చూడండి: తమ నివేదికలను స్వదేశంలో జనానికి విస్తృతంగా అందుబాటులో ఉంచాల్సింది ఆయా ప్రభుత్వాలే. 42వది ఒడంబడిక సూత్రాలను పెద్దలకూ పిల్లలకూ తెలియజేయమంటుంది. తెలుగు ప్రతి కావాలని అర్జీ రాసేవాళ్లు ఈ రెండు అంకెలూ వేసి రాయండి.